రెండో పాదం

ఆదివారం పొద్దున అహోబిలం నుంచి ఆళ్లగడ్డ మీదుగా నంద్యాల వచ్చే బస్సులో, నుదుట సన్నటి శ్రీచూర్ణం, ఒళ్లో పెరుగన్నం డబ్బాతో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి పద్మప్రియ. నంద్యాలలో ఒక పాత విత్తనాల గోడౌన్‌లో సాధన చేసే సింఫోనిక్ మెటల్ అనే హోరు సంగీతపు బ్యాండుకు ఆమే గాయని. రేకులు అదిరేలా గిటార్లు మోగుతుంటే, వాటి మీదుగా గొంతు లేపుతుంది. పాడేటప్పుడు కళ్లు మూసుకుని తొడ మీద వేళ్లతో తాళం వేసుకుంటుంది. అది గుడిలో పాశురాలు చదివే నాయన వరదరాజులు అలవాటు. ఇంట్లో ఆయన ఒక పాదం అంటే ఆమె రెండోది అందుకునేది, ఆమె మొదలుపెడితే ఆయన అందుకునేవాడు.

బ్యాండు పెట్టిన ఐదేళ్లకు మొదటి కచేరీ దొరికింది. కల్యాణమండపం నిండింది. పద్మప్రియ మొదటి పాదం పాడి, చిన్నప్పటి అలవాటుకొద్దీ ఆగిపోయింది. ఆమె ఆగిందని వాద్యాలూ ఆగాయి. అంతలో, రానని చెప్పిన నాయన చివరి వరుసలోంచి రెండో పాదం అందుకున్నాడు, శ్రుతి తప్పకుండా. జనం ఈలలు వేశారు, బ్యాండు మళ్లీ మోగింది.

కచేరీ అయ్యాక డ్రమ్ములు వాయించే ఓబులేసు, "సామీ, మా పాట మీకెట్ల వచ్చె?" అన్నాడు.

"ఆర్నెల్లుగా ఇంట్లో అదే పాడతాంది. రాకుండా యాడికి పోతాది?" అని ఆయన కూతురి వైపు తిరిగాడు. "మూడో పాదం కాడ తొందరపడినావు. రేపు పొద్దున కూచో, సరిచేద్దాం."