చెల్లని ఒప్పందం

విదేశాంగ శాఖలో, దేశాల మధ్య ఒప్పందాలు చదివి న్యాయసలహా రాయడం ఆయన ఉద్యోగం. బక్కపలచని మనిషి. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చదువుతారు. అభ్యంతరమేదైనా ఉంటే పెన్సిలుతోనే రాస్తారు, పైవాళ్ళకు చెరుపుకోవడం సులువని. "రబ్బరు కూడా మీరే ఇచ్చేయండి సారూ" అని తోటివాళ్ళు ఏడిపిస్తే నవ్వేసి ఊరుకుంటారు. ఆ ఒక్క ఒప్పందం మీద మాత్రం సిరాతో రాశారు. పారిపోయి వచ్చి ఇక్కడ తలదాచుకున్నవాళ్ళను పొరుగుదేశానికి తిరిగి అప్పగించే ఒప్పందం అది. అక్కడి జైళ్ళలో వాళ్ళను చిత్రహింసలు పెడతారని అందరికీ తెలుసు. "రెండు దేశాలూ ఒప్పుకున్నాక మధ్యలో మీకేం నొప్పండీ?" అన్నారు డైరెక్టరు. "లోకమంతా ఒప్పుకున్నా చెల్లదండీ. మనిషిని హింసకు అప్పగించకూడదన్న నియమం ఏ సంతకానికీ లొంగదు." డైరెక్టరు వాదించలేదు. ఫైలు పక్కగదికి పంపించి, అక్కడ అనుకూలంగా రాయించుకున్నారు.

వారం తిరక్కుండానే, ఇక్కడ తలదాచుకున్నవాళ్ళను విమానమెక్కించేశారు. మర్నాడు ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చున్న ఒకావిడ ఆయన్ని చూసి లేచింది. పంపేసినవాళ్ళలో ఆమె భర్త కూడా ఉన్నాడు. "చెల్లదని మీరు రాశారట కదయ్యా. మరి మా ఆయన్నెలా పట్టుకెళ్ళారు?" "చెల్లదమ్మా. ఇప్పటికీ చెల్లదు," అన్నారాయన. ఆమె మొహంలో కాస్త ఆశ కదిలింది. "అయితే ఆ మాట అక్కడివాళ్ళకు తెలీదేమో! ఎవరైనా చెబితే వదిలేస్తారేమో అయ్యా?"

"తెలుసమ్మా," అన్నారాయన, ఆమె వైపు చూడలేక.