నెమలికి పనికిరాని సూది

ఈ రోజు పొద్దున కొంపల్లిలో రంగులూ కుంచెలూ అమ్మే ఒక దుకాణంలో, నలుగురు వింటుండగా మా కోడలిని అనకూడని మాట అన్నాను. ఓవెన్ ముందు నిలబడేదానివి, ఎయిర్‌బ్రష్ సంగతి నీకేం తెలుస్తుంది, జన్మంతా దాంతో బతికినవాణ్ని నేనున్నాను కదా అన్నాను. ఆమె చేతిలో ఉన్న పెట్టెను నెమ్మదిగా బల్ల మీద పెట్టేసింది. ఆ నెమ్మది నాకప్పుడు ఒప్పుకోలులా కనబడింది.

అసలు సంగతి చెప్పాలి. మా కోడలిది గుడివాడ వైపు. మేడ్చల్ దగ్గర మేముంటున్న కాలనీలో ఇంట్లోనే కేకులు చేసి అమ్ముతుంది. శామీర్‌పేటలో ఒక ఫంక్షన్ హాలు యజమానురాలు ఈ సాయంత్రం తన కూతురి ఎంగేజ్‌మెంటుకు కేకు చెప్పింది. దాని మీద పురివిప్పిన నెమలి ఉండాలట, ఈకల్లోని కళ్లు కూడా విడివిడిగా కనబడాలట. ఆవిడకు నచ్చితే ఆ హాల్లో జరిగే ఫంక్షన్లన్నిటికీ కేకులు మా ఇంటి నుంచే వెళతాయి. నచ్చకపోతే కాలనీ పిల్లల పుట్టినరోజులతో సరిపెట్టుకోవాలి. కోడలి దగ్గరున్న చిన్న ఎయిర్‌బ్రష్ పరికరం రంగును దుమ్ములా చల్లుతుందే గాని గీత గీయదు. మంచిది కొనుక్కోవాలనుకుని, నాకు తెలిసిన విద్య కదా అని మర్యాదకు నన్ను వెంట రమ్మంది. ఆ మర్యాదను నేను అధికారం అనుకున్నాను.

నా ఈడువాళ్లకు ఎయిర్‌బ్రష్ అంటే వివరించనక్కర్లేదేమో. పెన్నులా పట్టుకుని మీట నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వస్తాయి. లోపలున్న సూది ఎంత సన్నమైతే గీత అంత సన్నం. మా రోజుల్లో నగరమంతా తిరిగినా ఒకటో రెండో రకాలు దొరికేవి. ఇప్పుడు అద్దాల అరల నిండా పేర్చి పెట్టారు, ప్రతిదానికీ వేరే సూది, రంగు పోసే వేరే గిన్నె, రంగు బయటికొచ్చే వేరే మూతి, వాటి మీద చీమల్లాంటి అంకెలు. ఏది ఎందుకో చెప్పమంటే దుకాణం కుర్రవాడు ఫోన్‌లో వీడియో చూపిస్తాడు. నాకు చిరాకు తలకెక్కింది. కోడలు మాత్రం గిన్నె పెద్దగా ఉండి, మూతి కాస్త వెడల్పుగా ఉన్న ఒకదాన్ని తీసి పట్టుకుంది. నేను అన్నిటికంటే సన్న సూది ఉన్న విదేశీ బ్రష్షును బయటికి తీయించాను. గిన్నెలో నాలుగు చుక్కల నల్ల సిరా పోసి కాగితం మీద ఒక కన్ను గీశాను, కనురెప్ప వెంట్రుకలతో సహా. చుట్టూ ఉన్నవాళ్లు ఆగి చూశారు, ఒకమ్మాయి ఫోన్‌లో తీసుకుంది కూడా. ఎన్నో ఏళ్లకు నా చేతిని ఎవరో మెచ్చుకున్నారు. ఆ మత్తులోనే ఆ మాట అన్నాను. ఆ సన్న సూది బ్రష్షునే తీసుకున్నాం.

ఆ చెయ్యి నాకు మేడ్చల్‌లో, మా మేనమామ ఫోటో స్టూడియోలో అబ్బింది. బడి అయిపోగానే గౌడవెల్లి నుంచి సైకిల్ మీద వెళ్లి అక్కడ పనిలో కుదిరాను. గాలి యంత్రం కొనే స్తోమత ఆయనకు లేదు. లారీ ట్యూబును పంక్చర్ దుకాణంలో గట్టిగా నింపించి, భుజాన వేసుకొచ్చి, దానికి గొట్టం తగిలించి బ్రష్షు నడుపుతూ ఫోటోలకు రంగులు దిద్దేవాళ్లం. ట్యూబు నిండుగా ఉన్నప్పుడు గాలి జోరుగా వస్తుంది కనుక ముందు ఫోటోలో మనిషి వెనకుండే భాగం, తర్వాత చొక్కా, చీర చేసుకునేవాళ్లం. ట్యూబు మెత్తబడుతున్న కొద్దీ ముఖంలోకి వచ్చేవాళ్లం. అది చివరికంటా చిక్కిపోయి గాలి ఊపిరిలా సన్నబడ్డాకే కళ్లు. కళ్ల దగ్గర తొందరపడితే మా మేనమామ కసిరేవాడు. రంగునైతే రాయి మీద నూరి, పల్చటి పాత బట్టలో వడకట్టి, నలుసన్నది లేకుండా చేసేవాళ్లం. ఒక్క ముఖానికి ఒక్కోసారి రోజంతా పట్టేది, ఎవరూ తొందరపెట్టేవాళ్లు కాదు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చేది పోయినవాళ్ల ఫోటోలే. బతికుండగా ఒక్క ఫోటో దిగనివాళ్లు ఎంతమందో. పోయాక గోడకు ఆనించి కూర్చోబెట్టి తీసిన ఫోటో పట్టుకొచ్చి, కళ్లు తెరిపించమనేవారు. పిల్లల్లో ఎవరికి తండ్రి పోలిక వచ్చిందో అడిగి, ఆ పిల్లను ఎదుట నిలబెట్టి, ఆ కళ్లు చూసి ఈ కళ్లు వేసేవాడు మా మేనమామ. శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే ఒకాయన పోతే, ఆయన భార్య అలాగే వచ్చింది. మా మేనమామ శ్రద్ధగా, రెండు కళ్లూ సమానంగా, తీర్చినట్టు వేశాడు. ఆవిడ చూసి, ఫోటో తిరిగి బల్ల మీదికి తోసింది.

"గీ మనిషి మా ఇంటాయన కాదు సారూ. ఎడమ కన్ను జర చిన్నగ ఉండె. నవ్వితే ఇంకింత చిన్నగయ్యేది."

"మంచిగ జేసిన గదమ్మా, సూడు."

"మంచిగ ఎవరు జెయ్యమన్నరు? ఆయన్ని జెయ్యమన్న."

మా మేనమామ సణిగాడు, అందం తెలియనివాళ్లతో వేగలేనన్నాడు, టీ తెప్పించుకుని ఆవిడకు ఇవ్వకుండా తనొక్కడే తాగాడు. ఆఖరికి ఆ కళ్లు చెరిపేసి, ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని, ఎంత చిన్నదో చెప్పమన్నాడు. ఆవిడ ఇంకింత, ఇంకింత అంటూ పోయింది. నేను మళ్లీ ట్యూబు మోసుకెళ్లాను. చివరికి ఒకచోట ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు బ్రష్షు కింద పెట్టాడాయన. ఈ సంగతి ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ మా మేనమామ చేతి నైపుణ్యం గురించే చెప్పాను.

మధ్యాహ్నం వంటింట్లో నెమలి మెడ మీద నీలం బ్రహ్మాండంగా వచ్చింది. నేను తలుపు దగ్గర నిలబడి, చూశావా అన్నట్టు మా ఆవిడ వైపు చూశాను కూడా. తర్వాత కోడలు ఈకల కళ్ల కోసం గిన్నెలో బంగారు రంగు పోసింది. మీట లాగితే ఏమీ రాలేదు. ఇంకాస్త లాగింది. బ్రష్షు దగ్గినట్టు దగ్గి, నెమలి మెడ మీద పెద్ద మరక ఉమ్మింది. కోడలు మీట వదిలేసింది. ఇలా తే, నేను బాగుచేస్తానంటూ లాక్కుని మూతి విప్పాను. ఆవగింజంత మూతి చేతిలోంచి జారి, ఫ్రిజ్ కిందికి దొర్లింది. టార్చిలైటు పట్టుకుని మోకాళ్ల మీద వెతుకుతుంటే వెనక నుంచి మా ఆవిడ గొంతు వినబడింది.

"గంత గొప్ప మిషిన్ కొన్నోడు గిప్పుడు ఎట్ల పాకుతున్నడో సూడు. ఆ పిల్ల పరేషాన్‌లుంటే నీ సర్కసేందయ్యా?"

మూతి దొరికింది, దాన్ని కడిగాను, రంగు పోశాం, మళ్లీ పూడిపోయింది. అప్పుడు కోడలు, గొంతు పెంచకుండానే చెప్పింది.

"బంగారు రంగులో మెరుపు పొడి ఉంటుందండి మామయ్యగారూ. సన్న సూదిలోంచి రాదు. అందుకే పొద్దున ఆ పెద్ద మూతిది పట్టుకున్నాను."

"మరి అప్పుడే చెప్పొద్దా అమ్మా?"

"చెప్పబోయానండి."

ఈ పిల్ల ఇన్నాళ్లుగా నా ఇంట్లో కేకులు చేస్తోంది. కోసేసిన అంచులు ప్లేటులో పెట్టి ఇస్తే తినడమే తప్ప, ఏ రంగు ఎలా వాడుతుందో ఒక్కనాడూ నిలబడి చూడలేదు. రంగు వడకట్టుకుని రోజంతా కూర్చునే నా పని తెలుసు గనుక, గంటలో ఎన్నో రంగులు మార్చి, కడిగి, కేకు మీది చక్కెర పూత ఆరిపోకముందే ముగించాల్సిన ఆమె పని కూడా నాకు తెలుసనుకున్నాను. ఆమె అప్పటికే కత్తితో మరక గీకుతూ, ఆ చోట చక్కెర పూత అతుకు వేస్తోంది.

స్కూటరు తీసి ఆ ఎండలో మళ్లీ కొంపల్లి వెళ్లాను. దుకాణంవాడు వాడిన బ్రష్షు వెనక్కి తీసుకోనన్నాడు, సరే అన్నాను. పొద్దున మా కోడలు పట్టుకున్నదే ఇవ్వమన్నాను.

"ఏంది అంకుల్, కనురెప్పలు గూడ గీసి సూపెట్టిన్రు గదా! కేకు మీద రాలేదా ఏంది?"

"రాలేదు. తప్పు నాది. ఏది పనికొస్తదో ఆమెకే తెల్సు."

"గా మాట ఆమెను తోలుకొచ్చి చెప్పుంటే మస్తుండె," అన్నాడు బిల్లు రాస్తూ, నా వైపు చూడకుండానే. కోపం వచ్చింది. దారి పొడుగునా లారీల వెనక ఆగుతూ, పొగ మింగుతూ వాణ్ని తిట్టుకున్నాను. కానీ వాడన్నది అబద్ధం కాదు. ఆమె లేనిచోట చెప్పిన క్షమాపణ నాకు సుఖంగా ఉంది, అంతే.

కొత్త బ్రష్షుతో ఆమె నెమలిని ముగించింది. అతుకు వేసిన చోట ఒక ఈకను మెడ మీదుగా వాల్చింది, మరక ఎక్కడుండేదో నాకే తెలియలేదు. మా అబ్బాయి ఇంకా డ్యూటీలోనే ఉన్నాడు కనుక ఆటో మాట్లాడుకుని, కేకు పెట్టె ఒళ్లో పెట్టుకుని నేనే ఆమెతో శామీర్‌పేట వెళ్లాను. ఆ దారిలో స్పీడ్ బ్రేకర్లు వేయించినవాళ్లెవరో గాని, వాళ్లెవరూ ఎప్పుడూ కేకు మోసి ఉండరు. హాలు యజమానురాలు పెట్టె తెరిచి చాలాసేపు చూసింది. దీన్ని కొయ్యాలంటే మనసొప్పదే అంది, కోడలి నంబరును ఫోన్‌లో పేరుతో సహా రాసుకుంది. నా వైపు తిరిగి మీరు కూడా ఆర్టిస్టా అని అడిగింది. నోటిదాకా వచ్చిన మాటను మింగి, కేకు పట్టుకోనీకి వచ్చినమ్మా అన్నాను.

రాత్రి అన్నాల దగ్గర అబ్బాయి రెండు పెట్టెలు చూసి కోడలిని అడిగాడు, ఒకటి చాలదా, రెండెందుకు కొన్నవని. ఆమె కూర వడ్డిస్తూ, మొదటిది సరిపోలేదండి, నాకు తెలియక తీసుకున్నాను అంది. ఎంత మామూలుగా అందంటే, నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. ముద్ద పళ్లెంలో వదిలేసి చెప్పాను. దుకాణంలో నేనన్న మాటను, ఓవెన్ అన్న ముక్కతో సహా, ఎలా అన్నానో అలాగే అందరి ముందూ మళ్లీ అని, అది నా తప్పమ్మా అన్నాను. అబ్బాయి తల దించుకున్నాడు. మా ఆవిడ గరిటె గిన్నెలో వదిలేసింది. కోడలు మాత్రం, అన్నం చల్లారిపోతుంది, తినండి మామయ్యగారూ అంది. ముఖం విచ్చుకోలేదు. విచ్చుకోవాలని అడిగే హక్కు నాకు లేదు.

పోయినవాళ్ల కళ్లు తెరిపించమని ఇప్పుడు ఎవరూ రారు. చేపలు పట్టేవాళ్ల ఫోన్లలో కూడా వాళ్లు నవ్వుతూ, పాడుతూ, వల విసురుతూ కనబడతారు. అది మంచిదే. కానీ పని పోయాక చేతిలో మిగిలిన గర్వాన్ని ఎక్కడ దించుకోవాలో నాకు తెలియలేదు, తీసుకెళ్లి ఆ పిల్ల నెత్తిన పెట్టాను. "ఆయన్ని జెయ్యమన్న" అని బల్ల మీదికి ఫోటో తోసిన ఆ మనిషి గొంతు మా మేనమామకు వినబడింది. ఇన్నేళ్లు ఆ కథ చెప్పిన నాకు వినబడలేదు.

చేతులు కడుక్కున్నాక, రేపు ఏదైనా ఆర్డరుందా అని కోడలిని అడిగాను. ఉందట. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని, ఎలా చేస్తావో చూడవచ్చా అన్నాను.

"మాట్లాడకుండా కూర్చుంటానంటే రండి," అంది.

ఒప్పుకున్నాను.