విరిగిన చోట మసి

1941 ఆషాఢం. తవ్వకాల్లో దొరికిన వస్తువులను అతికించడం నా పని. మా వర్క్‌షాపు చార్మినార్ వెనక గల్లీలో ఉండేది. మెదక్ వైపు ఒక చేనులో రెండు వేల ఏళ్ల నాటి రైతు ఇల్లు బయటపడింది. దాని గోడ గూట్లో టెర్రకోట, అంటే కాల్చిన మట్టి, అమ్మవారి బొమ్మ దొరికింది. మెడ దగ్గర విరిగి రెండు ముక్కలుగా ఉంది. పక్కనే రోమ్ నాణెం అచ్చు ఒత్తిన మట్టి బిళ్ల, దారం కట్టుకోవడానికి చిల్లుతో సహా. ఎక్కడి రోమ్ రాజు, ఎక్కడి మెదక్ అమ్మవారు! నచ్చితే మనవాళ్లు ఎవరినైనా మెళ్లో వేసుకుంటారు.

"సాయంత్రానికి అతికించు, రేపు పెద్దవాళ్లు చూడటానికి వస్తున్నారు" అని మా ఆఫీసరు హుకుం. అతుకు పనిలో మొదటి పాఠం, విరిగిన అంచును తడి బ్రష్‌తో కడగడం. లేకపోతే అతుకు నిలవదు. గిన్నెలో నీళ్లు పోశానో లేదో, గేటు దగ్గర లొల్లి మొదలైంది.

తవ్వకంలో కూలి చేసిన రాజయ్య, అతని తల్లి లింగవ్వ, వెనక మెదక్ నుంచి తరలివచ్చిన ఊరివాళ్లు. ఆ బొమ్మ బయటపడింది రాజయ్య గడ్డపారకే. తనే విరగ్గొట్టానని అతని భయం. ఆ వారమే అతని బిడ్డకు అమ్మవారు పోసింది.

"ఇరిగిన అమ్మను ఉంచొద్దు బాంచెన్. మాకియ్యున్రి, మూసీల కలుపుతం. మా పిల్ల బతుకుతది" అంది లింగవ్వ.

"ఇది సర్కారు సొత్తు" అని ఆఫీసరు పోలీసుల కోసం జవానును పంపాడు. ఇస్తే సరిగ్గా కాలని ఆ మట్టి ఏట్లో కరిగిపోతుంది. ఇవ్వకపోతే వీళ్ల వీపులు పగులుతాయి. రాజయ్య గేటు ఊచలకు తల కొట్టుకుంటున్నాడు.

ఏం తోచక ముక్కలను కిటికీ వెలుగులో పెట్టి చూశాను. విరిగిన అంచు మీద నల్లగా ఉన్నది మట్టి కాదు, జిడ్డు పట్టిన దీపం మసి. కడిగి ఉంటే పోయేది. భుజం మీద మాత్రం చిన్న గాటు, లోపల కొత్త ఎరుపు. రెండు ముక్కలూ పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తాను.

"రాజయ్యా, నీ గడ్డపార తాకింది గీ భుజానికి. మెడ ఎన్నడో ఇరిగింది. ఇరిగినంక పట్టిన దీపం మసి ఇది, సూడు!"

రాజయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు. లింగవ్వ వంగి ఆ మసిని దగ్గరగా చూసింది.

"ఇరిగినంక గూడ దీపం పెట్టిన్రా?"

"పెట్టిన్రు అవ్వా."

"అయితే నువ్వు గూడ అతకకు కొడుకా. గట్లనే మొక్కిన్రు, గట్లనే ఉండనీ."

గేటు గడప మీద కుంకుమ పెట్టి, పోలీసులు రాకముందే అందరినీ తీసుకుని వెళ్లిపోయింది. ఆఫీసరు నన్ను చెడామడా తిట్టాడు. నేను మాత్రం బొమ్మను అతకలేదు.

దసరాకు రాజయ్య బిడ్డను ఎత్తుకుని వచ్చాడు. ముఖం నిండా మచ్చలు. "గిట్ల అయింది సారూ. అయినా మా ఇంటి లచ్చిమే" అన్నాడు. ఆనాటి నుంచి ఏది అతకాల్సి వచ్చినా ముందు విరిగిన చోటు చూస్తాను, ఆ తర్వాతే నీళ్ల గిన్నె ముట్టుకుంటాను.