చీకటికి ఎనిమిది

పదవీ విరమణకు పద్నాలుగు నెలల ముందు, జూలై మొదటి సోమవారం, అమలాపురంలో నేను సైకాలజిస్టుగా పనిచేస్తున్న ఆసుపత్రిలో నన్ను వి.ఆర్. గదికి మార్చారు. కళ్ళకు హెడ్‌సెట్ పెట్టుకుంటే చుట్టూ తోటో కొండలో ఉన్నట్టే కనిపిస్తుంది. డిప్రెషన్‌తో బాధపడే పిల్లలకు మందులకు తోడుగా వారానికి ఇరవై నిమిషాలు పెట్టేవాళ్ళం. అయ్యాక, మనసు ఎలా ఉందో పదికి ఎంతో చెప్పించి రిజిస్టరులో రాయడం నా పని.

రాజోలు నుంచి వచ్చే దీవెనకు పదహారేళ్ళు. నాలుగు వారాల అంకెలు: మూడు, నాలుగు, ఆరు, ఏడు. ఐదో వారం కూడా అంకె పడిపోకపోతే మందు తగ్గించి, రామచంద్రపురం కాలేజీ హాస్టలుకు పంపవచ్చని డాక్టరుగారు అన్నారు. టీచరుగా పనిచేసే వాళ్ళమ్మ నవ్వింది.

"ఇంట్లో మాకు మాటే కరువండీ. మీ డబ్బాకి మాత్రం మార్కులేసేత్తంది."

ఐదో వారం దీవెన చెప్పింది ఎనిమిది. "ఆయ్, చాలా బాగుందండి."

అంకె రాసి, హెడ్‌సెట్ తీసి చూశాను. ఛార్జింగ్ లేదు. ఆమె చూసేది నాకూ కనిపించాల్సిన ట్యాబ్‌లో ఆనాటి సమయం: సున్నా నిమిషాలు. ముందు వారం: రెండు నిమిషాలు. ఆ రెండుసార్లూ నేను రిజిస్టరులోనే తల దూర్చి ఉన్నాను.

ఏం కనిపించిందమ్మా అని అడిగాను.

"ఏం లేదండి. చీకటండి."

"మరి ఎనిమిదన్నావు?"

"మీరు అంత శ్రద్ధగా పెట్టేరు కదండి. బాగోలేదంటే చిన్నబుచ్చుకుంటారనండి."

చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగాను.

"ఆయ్" అంది, అదే మర్యాదతో.

ఆమెను ఒంటరిగా వదలకుండా డాక్టరుగారిని పిలిపించాను. హాస్టలు ప్రయాణం ఆగింది. ఆ పూటే వార్డులో చేర్చుకుని తల్లిని పక్కన ఉంచారు, మందు మార్చారు. పందొమ్మిదో రోజు ఇంటికి వెళ్తూ దీవెన చెప్పిన అంకె నాలుగు. దాన్ని నమ్మాను.

తరువాత పద్ధతి మార్చాను. రిజిస్టరు మూసి ట్యాబ్ చూసేదాన్ని. ముందు ఏం కనిపించిందని అడిగేదాన్ని, అంకె చివరన. పెద్దవాళ్ళు పెట్టింది బాగోలేదని మా వైపు పిల్లలు అనరు. ఇక్కడే పుట్టి, ముప్పయ్యొక్క ఏళ్ళు పనిచేసిన నేను ఆ మర్యాదను కోలుకోవడం కింద లెక్కవేశాను.