నల్లరేగడిలో నాకు మోపెడ్డే చాలు

నాకు బండి కొనిపెడతామని ఈ రోజు మా చర్చి సంఘమంతా కూర్చుంది. పెద్ద బైకా, మోపెడ్డా? మిరప చేల అవతల చెరువు దగ్గర గాలం వేసుకుంటూ కూర్చుంటేనే అక్కడివాళ్లు నా నోట వాక్యం వింటారు. వాన పడితే ఆ దారంతా నల్లరేగడి బురద. మోపెడ్ చాలన్నాను.

“బోధకుడు మోపెడ్ మీద తిరిగితే మన పరువేం కావాలండీ?” అన్నారు సంఘపెద్ద.

“ప్రభువు గాడిదనెక్కి వెళ్లాడండీ, ఆయన పరువు పోయిందా? చక్రాలకు రేగడి పట్టి ఆగిపోతే మోపెడ్‌ను నేనే ఎత్తి గట్టున పెడతా. మీ బైకును మీరొచ్చి ఎత్తుతారా?”

ఆయన కండువా సర్దుకున్నారు.

రేపే చిలకలూరిపేట వెళ్లి మోపెడ్ తెస్తున్నాను. గాలానికి గుచ్చే ఎర్రల డబ్బా కూడా సిద్ధం. పరువు కావలసినవాళ్లు తారు రోడ్డు మీదే ఉండండి. నాతో బురదలోకి వచ్చేదెవరో కింద రాయండి.