సాంబ్రాణి పొగ చాటున

కెనడాలో, మా హాలిఫాక్స్‌లో ఇప్పుడు ఏ బస్టాపులో నిలబడ్డా ఎవరో ఒకరు దర్జాగా గంజాయి కాలుస్తుంటారు. షాపులో బిల్లు వేయించుకుని కొన్నది మరి, ఎవరడుగుతారు? ఆ వాసన తగిలితే తొమ్మిదేళ్ళ పిల్లనై మా పాత ఇంటి మెట్లమీదికి వెళ్ళిపోతాను.

అప్పటికింకా అది నేరమే. మా బేస్‌మెంట్‌లో వరంగల్ నుంచి చదువుకోవడానికొచ్చిన సందీప్ అన్న, ఇంకో ఇద్దరు అద్దెకుండేవాళ్ళు. వాళ్ళ కుక్కర్ విజిళ్ళు, తలుపు దగ్గర తడి బూట్ల గుట్ట, ఆదివారం కోడికూర ఘాటు, పార్ట్‌టైమ్ షిఫ్టుల మీద సణుగుళ్ళు, అన్నీ మెట్లెక్కి మా హాల్లోకి వచ్చేసేవి. పక్కింట్లో మిస్ జాయిస్, ఆమె కొడుకు మార్కస్. నల్లవాళ్ళు, తాతల కాలంనుంచీ ఈ ఊరివాళ్ళే. మార్కస్ సిటీ బస్సు డ్రైవరవ్వాలని ట్రైనింగ్‌కి అప్లై చేశాడు. చలికాలం మా వాకిట్లో మంచు తనే ఎత్తిపోసేవాడు, ఎండాకాలం నాతో చింతగింజలతో అష్టాచెమ్మా ఆడి, ఓడినప్పుడల్లా "తొండి, తొండి" అని తెలుగులోనే అరిచేవాడు. అతనూ సందీప్ అన్నా పెరటి మెట్లమీద కలిసే కాల్చేవాళ్ళు. "ఈ కంపేంట్రా సందీప్?" అని అమ్మ అడిగితే, "ఏం లేదాంటీ, అగర్‌బత్తి" అనేవాడు, దొంగమొహం!

ఓ శుక్రవారం సాయంత్రం అమ్మ తలంటుపోసుకుని, తడిజుట్టుకి తువ్వాలు చుట్టి ఇల్లంతా సాంబ్రాణి వేస్తుంటే పోలీసులు తలుపు కొట్టారు. వాసనొస్తోందని వీధిలో ఎవరో ఫోన్ చేశారట. కింద సందీప్ అన్న అప్పుడే కాల్చాడు, అమ్మకీ తెలుసు. ధూపం గిన్నె ముందుకి చాపి, "ప్రేయర్ సర్, అవర్ ప్రేయర్" అంది. వాళ్ళు దగ్గి, నవ్వి, సారీ మేడమ్ అని మెట్లు దిగి నేరుగా పక్కింటికెళ్ళారు. మార్కస్ కారు కడుక్కుంటున్నాడు. తలుపులు తీయించి, సీట్లు లేపి, ఓ చిన్న పొట్లం పట్టుకున్నారు, సందీప్ అన్న దగ్గరున్నదాంట్లో సగం కూడా ఉండదది. బేడీలు వేస్తుంటే మార్కస్ మావైపు చూశాడు, మా గురించి ఒక్క మాట చెప్పలేదు.

గండం గడిచిందని మర్నాడు అమ్మ సేమ్యా పాయసం వండి, ఏ లోకంలో ఉందో, అలవాటు చొప్పున ఓ గిన్నె నాచేత పక్కింటికి పంపింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతో మిస్ జాయిస్, "ఇవాళ మీకేం పండగమ్మా?" అంది. గిన్నె అక్కడే పెట్టి పరిగెత్తుకొచ్చేశాను.

మార్కస్ జైలుకెళ్ళొచ్చాక, కేసుందని బస్సువాళ్ళు తీసుకోలేదు. తల్లీకొడుకులు ఇల్లమ్ముకుని ఎటో వెళ్ళిపోయారు. సందీప్ అన్నకి పోలీస్ సర్టిఫికెట్ క్లీన్‌గా వచ్చింది, ఇక్కడే ఉండిపోవచ్చని పీఆర్ వచ్చింది, సిటిజన్ కూడా అయ్యాడు. పెళ్ళాంపిల్లలతో మా ఇంటికొచ్చినప్పుడల్లా అదే కథ: "ఆంటీ సాంబ్రాణి లేకుంటే నేనెప్పుడో ఇండియా ఫ్లైటెక్కేటోణ్ణి!" అందరూ పడీపడీ నవ్వుతారు. సిగ్గులేకుండా నేనూ నవ్వుతాను. అమ్మ మాత్రం ఏదో పనున్నట్టు వంటింట్లోకి లేచి వెళ్తుంది. మా పాత వీధిలో ఇప్పుడన్నీ అపార్ట్‌మెంట్లే, మిస్ జాయిస్ ఇల్లు లేదు. సందీప్ అన్న చెప్పే కథలో మార్కస్ లేడు.