ట్రెడ్‌మిల్ మోటారు, డాబా తాళం

జనాన్ని అనుమానించడం నా ఉద్యోగం. ఢిల్లీలో, సాకేత్‌లో ఒక మాల్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజర్ని. లోపలికొచ్చే సంచులు తెరిపించాలి, బయటికి వెళ్ళే సామానుకి చీటీ ఉందో లేదో చూడాలి, ఉంటే అది అసలు చీటీయేనా అని మళ్ళీ చూడాలి. అంతకుముందు పదిహేడేళ్ళు మిలటరీలో బళ్ళకి వైరింగు చేశాను. అక్కడి స్టోర్లో ఒక ఫ్యూజు తగ్గినా ముగ్గురి సంతకాలు కావాలి. అలా అలవాటైపోయింది. మా ఆవిడ దీన్ని జబ్బు అంటుంది. నేను జాగ్రత్త అంటాను. పెళ్ళయిన నాటి నుంచి ఈ తగవు తెగలేదు.

మిలటరీ నుంచి రిటైరయ్యాక పాలం వైపు ఒక ఇరుకు గల్లీలో అద్దెకి దిగాం. మాది పై వాటా. కింది వాటాలో ఈ-రిక్షా నడిపే ఒక బిహారీ అతను, అతని భార్య. డాబా రెండు వాటాలకీ ఉమ్మడి. మా అమ్మాయికి అప్పటికి పదేళ్ళు, ఉబ్బసం. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెబుతుంది గానీ, ఆయాసం వచ్చినప్పుడు ఏ భాషా ఉండదు, అరచెయ్యి గుండెల మీద పెట్టుకుని మా వైపు చూస్తుంది. అప్పుడు మందు పొగలా చేసి పీల్పించే నెబ్యులైజర్ పెట్టాలి. అది కరెంటుతో నడుస్తుంది. మా గల్లీలో కరెంటు చెప్పాపెట్టకుండా పోతుంది. మా ఇంట్లో భయమంతా ఈ రెండు ముక్కల్లోనే ఉంది.

"అందరిలాగ ఒక ఇన్వర్టర్ కొనీండి" అంది మా ఆవిడ.

ఇన్వర్టర్ షాపువాళ్ళు పాత బ్యాటరీకి కొత్త స్టిక్కరు అంటించి అమ్ముతారని నా గట్టి నమ్మకం. ఎవడో ఎక్కడో చేస్తే చూశానా అంటే చూడలేదు. అయినా నమ్మకమే. నా చేత్తో చేసినదైతే దాని గుట్టంతా నాకు తెలుస్తుంది, మోసం ఉండదు అనుకున్నాను. సెలవు రోజున మాయాపురి పాత సామాన్ల బజారుకి వెళ్ళి ట్రెడ్‌మిల్ మోటారు ఒకటి వెతికాను. లోపల అయస్కాంతాలున్న మోటారు అది, ఇరుసు తిప్పితే కరెంటు ఇస్తుంది. బాగుందో లేదో చూడటం తేలిక. రెండు వైర్లూ కలిపి ఇరుసు తిప్పితే బిగుసుకోవాలి, విడదీస్తే వదులవ్వాలి. అమ్మేవాడు "గ్యారంటీ, సర్దార్జీ బంగళా నుంచి వచ్చింది" అన్నాడు. కాబట్టి నేను దాన్ని పన్నెండుసార్లు కలిపి, విడదీసి, తిప్పి చూశాను. పక్క దుకాణంవాళ్ళు వినోదం చూశారు.

ఆరంగుళాల పీవీసీ పైపు చీల్చి మూడు రెక్కలు కోశాను. పాత కూలర్ రేకుతో తోక చేశాను. నీళ్ళ పైపుని డాబా పిట్టగోడకి బిగించి, గాలికి తిరిగే ఈ ఫ్యానుని మోటారుతో సహా దాని మీద నిలబెట్టాను. కింద ఒక రేకు పెట్టెలో లారీ బ్యాటరీ, అక్కణ్ణించి మా గదిలోకి తీగ, గదిలో బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే చిన్న డబ్బా, దానికి నెబ్యులైజర్. మోటారుకీ బ్యాటరీకీ మధ్యన ఒక డయోడ్ పెట్టాను. మా ఊళ్ళో నూతి మోటారు పైపుకి అడుగున ఫుట్ వాల్వు ఉంటుంది, ఎక్కిన నీరు మళ్ళీ జారిపోకుండా. డయోడ్ పనీ అంతే. కరెంటుని బ్యాటరీలోకి పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు.

మే, జూన్ వడగాలుల్లో ఫ్యాను బ్రహ్మాండంగా తిరిగింది. కరెంటు పోయినప్పుడు మూడుసార్లు పిల్లకి మందు పట్టాం. నేను కాలరెగరేశాను. మా ఆవిడ కూడా "పర్లేదు" అంది, అది ఆవిడ దగ్గర పెద్ద బిరుదు.

దసరాకి ముందు ఒక సాయంత్రం దుమ్ముతో పెద్ద గాలి లేచింది. ఫ్యాను ఊడిపోతుందేమో అన్నంతగా తిరిగింది. తెల్లారి చూస్తే ఒక్క బోల్టు కదల్లేదు. నా పనితనానికి నేనే మురిసిపోయాను.

ఆ తర్వాత చలి మొదలై, పొగ దిగింది. ఎదురింటి నీళ్ళ ట్యాంకు కనిపించని రోజులు. పిల్ల రాత్రీ పగలూ దగ్గుతోంది. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్యాటరీ ఖాళీ అవడం మొదలుపెట్టింది. మీటరు పెట్టి చూస్తే పడిపోయి ఉంది. షాపుకి మోసుకెళ్ళి ఛార్జి చేయించి తెచ్చాను, మూడో రోజుకి మళ్ళీ అంతే. బ్యాటరీ పోయిందేమో అంటే షాపువాడు పరీక్ష చేసి బాగుందన్నాడు. వాణ్ణి రెండ్రోజులు అనుమానించాను, వాడికి మా డాబా ఎక్కే దారి లేదు కాబట్టి వదిలేశాను.

ఫ్యాను చూస్తే నిక్షేపంగా తిరుగుతోంది. పగలూ తిరుగుతోంది, పొగలోనూ తిరుగుతోంది. మరి వచ్చే కరెంటు ఏమవుతోంది? ఎవరో లాగుతున్నారు. నాకు వేరే అర్థం తోచలేదు.

మిలటరీ స్టోర్లో చేసినట్టు బ్యాటరీ పెట్టె మూతకి కాగితం పట్టీ అంటించి సంతకం పెట్టాను. రోజూ పొద్దున్నే వెళ్ళి చూసేవాణ్ణి. పట్టీ చెక్కు చెదరలేదు, బ్యాటరీ మాత్రం దిగిపోతూనే ఉంది. సీలు చిరగకపోతే ఎవరూ ముట్టుకోలేదని అర్థం కదా. నేను మాత్రం దొంగ చాలా తెలివైనవాడని అర్థం చేసుకున్నాను.

ఒకరోజు కిందావిడ బట్టలు ఆరేస్తూ, ఫ్యాను వైపు చూసి హిందీలో అడిగింది. "భయ్యా, నా దుపట్టా కదలనైనా కదలడం లేదు. మీ పంఖా ఎలా తిరుగుతోంది?"

"ఎత్తులో గాలి ఉంటుంది దీదీ, కింద ఉండదు" అన్నాను, తెలియనివాళ్ళకి చెప్పే గొంతుతో. ఆవిడ దిగిపోయాక స్టూలెక్కి ఫ్యాను వెనకవైపు చెయ్యి పెట్టి చూశాను. చల్లగా గాలి తగిలింది. చూశావా అనుకున్నాను. ఆ తర్వాత ఆలోచన ఇంకో దారి పట్టింది. నా ఫ్యాను సంగతి ఆవిడకెందుకు? అంత పట్టి పట్టి ఎందుకు చూస్తోంది? కింద వాళ్ళ ఈ-రిక్షాలో నాలుగు బ్యాటరీలున్నాయి. ప్రతి రోజూ వాటికి కరెంటు కావాలి.

అంతే, దొంగ దొరికేశాడు. ఇంక నిద్ర పట్టింది.

మర్నాడు పొద్దున్న అతను బండి తీస్తుంటే గల్లీలోనే నిలదీశాను. పాలవాడు, పక్కింటి ఆంటీ, ఇద్దరు ముగ్గురు దారినపోయేవాళ్ళు ఆగారు. అతను ముందు నవ్వాడు, నేను నవ్వడం లేదని చూసి మానేశాడు. "భయ్యా, నా నాలుగు బ్యాటరీలకి రాత్రంతా ప్లగ్గు చాలదు. మీ ఒక్క బ్యాటరీ నేనేం చేసుకుంటాను?" అన్నాడు. మాట నిజమే. కానీ పట్టుబడ్డవాళ్ళందరూ నిజంలాంటి మాటే చెబుతారని నా ఉద్యోగం నాకు నేర్పింది. "నీ పిల్ల అయితే తెలిసేది. మా పిల్ల ఊపిరి దొంగిలిస్తున్నావు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను, అందరూ విన్నారు. అతని భార్య గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం డాబా తలుపుకి తాళం వేశాను. తాళం చెవి నా జేబులోనే. కిందావిడ వచ్చి బట్టలు ఆరెయ్యాలని అడిగితే, నేను ఇంట్లో ఉన్నప్పుడు అడగండి, దగ్గరుండి తీస్తాను అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. మర్నాటి నుంచి వాళ్ళ బట్టలు కింద గేటు మీద ఆరాయి.

"ఏటండీ మీరు చేసింది" అంది మా ఆవిడ. "మనకి ఇన్వర్టర్ కావాలి గానీ దొంగ ఎందుకు?"

"ముందు దొంగ సంగతి తేలనీ" అన్నాను.

తాళం వేశాక కూడా బ్యాటరీ ఖాళీ అయింది. అప్పుడైనా బుద్ధి రావాలి కదా. తీగ డాబా నుంచి దిగే చోట ఎక్కడో సూది గుచ్చి లాగుతున్నాడనుకున్నాను. బ్యాటరీ మళ్ళీ ఛార్జి చేయించి శుక్రవారం పెట్టాను, గోడ వెంబడి తీగంతా తడిమి చూశాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ డయోడ్‌కి మీటరు పెట్టి ఉంటే సరిపోయేది. పదిహేడేళ్ళు ఆ పనే చేసినవాణ్ణి. తోచలేదు. మనిషి దొరికాక యంత్రాన్ని ఎవరు వెతుకుతారు?

ఆదివారం పొద్దున్న ఏడింటికి పిల్ల లేచి మంచం మీద కూర్చుంది. "పాపా" అని నన్ను పిలిచింది, ఇంకో మాట రాలేదు. మెడ దగ్గర గుంట లోపలికి పోతోంది. స్ప్రే ఇచ్చాం, ఆగలేదు. మా ఆవిడ నెబ్యులైజర్ మాస్కు పెట్టి స్విచ్చి వేసింది. రెండు నిమిషాలు నడిచి కరెంటు పోయింది. తీగ మార్చి బ్యాటరీ డబ్బాకి పెట్టాను. కీ మని అరిచి, ఎర్ర లైటు వెలిగి, ఆరిపోయింది.

అప్పుడు నేను చేసిన పని రాయడానికి సిగ్గేస్తోంది. పిల్ల ఊపిరందక కూర్చుంటే నేను పిల్ల దగ్గర లేను. స్పానర్ పట్టుకుని డాబా మీదికి పరిగెత్తాను. బ్యాటరీ తెచ్చి గదిలో పెడదామని కాదు, ఆ ఖాళీ బ్యాటరీ తెచ్చి ఏం లాభం? ఇప్పుడు, ఈ నిమిషంలో, లాగుతున్నవాడు దొరుకుతాడని.

తాళం తీశాను. ఎవరూ లేరు. పెట్టె మీద నా సంతకం అలాగే ఉంది. పైన ఫ్యాను నీరసంగా తిరుగుతోంది. పట్టీ నేనే చించి మూత తీశాను, తీగలు వెతికాను, కొత్త తీగ ఏదీ లేదు. విసురుగా బోల్టు వదులు చేసి బ్యాటరీ మీంచి తీగ పీకేశాను.

పైన ఫ్యాను ఆగిపోయింది.

పక్క డాబా మీద ఎవరో అట్టముక్కలు తగలబెడుతున్నారు. ఆ పొగ గీత గీసినట్టు నిటారుగా పైకి పోతోంది. గాలి లేదు. తీగ మళ్ళీ ఆనించాను. ఫ్యాను కదిలింది. తీశాను, ఆగింది. మాయాపురిలో ఆ మోటారుని కలిపి, విడదీసి చూసినట్టే మూడుసార్లు చూశాను. దసరా ముందు వచ్చిన గాలికి డయోడ్ మాడి, రెండు వైపులా దారి తెరుచుకుపోయింది. అప్పటి నుంచి ఫ్యాను బ్యాటరీని నింపడం లేదు. బ్యాటరీయే ఫ్యానుని తిప్పుతోంది. నా చేతికి చల్లగా తగిలిన ఆ గాలి, మా పిల్ల కోసం దాచిన కరెంటు.

కింద నుంచి మా ఆవిడ కేక వినిపించింది. దిగేసరికి గది ఖాళీ, తలుపు బార్లా తెరిచి ఉంది. గల్లీలోకి పరిగెత్తాను.

ఈ-రిక్షా వెనక సీటు ఎత్తి ఉంది. దాని కింద నాలుగు బ్యాటరీలు. అందులో ఒకదానికి నా డబ్బా క్లిప్పులు పెట్టి ఉన్నాయి, ఎర్రది సరిగ్గా ప్లస్సు మీద. ఎదురు సీట్లో మా అమ్మాయి మాస్కుతో కూర్చుంది. నెబ్యులైజర్ బుర్రుమంటోంది. కిందావిడ పక్కన కూర్చుని పిల్ల వీపు నిమురుతోంది. మా ఆవిడ మాస్కు పట్టుకుని ఉంది, నా వైపు తిరగలేదు.

అతను మాత్రం తిరిగాడు. నా చేతిలో స్పానర్ చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "భయ్యా, మీ ఇంటి దీదీ పిలిస్తేనే పెట్టాను. మీ డబ్బా నేను తియ్యలేదు, ఆవిడే తెచ్చారు" అన్నాడు గబగబా.

నాకు తల కొట్టేసినట్టయింది. స్పానర్ కింద పెట్టేశాను. పాలవాడు, పక్కింటి ఆంటీ అప్పుడు కూడా ఉన్నారు. ఉండటమే మంచిదైంది. నాకొచ్చిన హిందీలో అందరికీ వినపడేలా చెప్పాను. దొంగ లేడు, ఎవరూ ఏమీ తియ్యలేదు, నా ఫ్యానే తినేసింది, తప్పు నాది, నన్ను క్షమించు అని. అతను నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "ముందు పాపని చూసుకోండి" అన్నాడు.

పావుగంటకి పిల్ల మెడ దగ్గర గుంట లోపలికి పోవడం తగ్గింది. అతనే బండి తీసి మమ్మల్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎంత ఇచ్చినా పుచ్చుకోలేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చాక కింది వాటా గుమ్మం దగ్గర నిలబడి, జేబులోంచి డాబా తాళం చెవి తీసి ఆవిడకి ఇవ్వబోయాను. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి దీదీ" అన్నాను.

ఆవిడ చెయ్యి చాచలేదు. కోపంగా కూడా అనలేదు. "వద్దులెండి భయ్యా. రేపు మళ్ళీ ఏదైనా పోతే?" అంది.

తాళం ఆ రోజే తీసి పారేశాను. డయోడ్ కొత్తది వేశాను, గాలి లేని రోజున ఫ్యాను ఇప్పుడు తిరగదు. గదిలో షాపు ఇన్వర్టర్ ఉంది. నాలుగేళ్ళయింది, డాబా తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఆవిడ ఎదురైతే నమస్తే అంటుంది, పిల్ల ఎలా ఉందని అడుగుతుంది. బట్టలు మాత్రం ఇప్పటికీ కింద గేటు మీదే ఆరేస్తుంది.